ఏడాది పోనీ

పోయిన నెలలో మా పెద్దనాయన మనవడు ఫోను చేశాడు.

"అత్తా, తాతకు తొంభై నిండుతా ఉండాది. ఇంట్లోనే ఫంక్షను పెడతా ఉండాము. ఆ కాలం రేడియో పాట్టులన్నీ నీకే దా తెలుసునంట, నాయన చెప్పె. ఒక లిస్టు రాసి ఇస్తివంటే చాలు, ఫోన్లో ఎక్కించేది నేను చూసుకుంటాను."

"లిస్టు ఏంటికి కన్ను, నేనే ఎక్కించుకోని వస్తాను," అన్నాను.

నేను ముద్దుగా కన్ను అనేసరికి వాడు సంతోషంగా ఫోను పెట్టేశాడు. నేను మాత్రం వంటింట్లో పొయ్యి ఆర్పేసి, కుర్చీలో కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ లిస్టు నేను కొత్తగా రాయవలసిన పని లేదు. బీరువాలో పట్టుచీరల కింద ఒక నోటుబుక్కు ఉంది. యాభై ఏళ్లకు పైగా అది ఇలాంటి పిలుపు కోసమే కాచుకుని ఉంది. నేనూ కాచుకునే ఉన్నాను.

ఇందులో ఎవరి పేర్లూ రాయను. రాస్తే చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు, మావాళ్లకు మాత్రం నా మీదికి రావడానికి ఒక సాకు దొరుకుతుంది. పెద్దనాయన అంటే మా నాయనకు అన్న. అత్త అంటే వాళ్లిద్దరికీ చెల్లెలు. అంతవరకు తెలిస్తే చాలు. పోయినవన్నీ మరిచిపోవాలి, పెద్దవాళ్లను క్షమించాలి అని మా ఇంట్లో కుర్రవాళ్లు నాకు చెబుతూ ఉంటారు. వాళ్లు చూడలేదు కనుక చెబుతారు. చూసినదాన్ని నేను.

సింగానల్లూరులో అప్పట్లో మా వీధి వీధంతా మావాళ్లే. ఇంట్లో తెలుగు, వీధి మలుపు తిరిగితే తమిళం. తెలుగు మాట్లాడటమే గాని రాయడం, చదవడం ఎవరికీ రాదు. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నది కూడా ఉద్యోగం మానేశాకే. పొద్దున్నే మిల్లు సంగు కూసేది. అది విని ఆడవాళ్లు పొయ్యిలో పత్తికట్టె వెలిగించేవాళ్లు. ఎండిన పత్తికట్టె కాలితే ఒక తియ్యటి పొగ వస్తుంది. ఆ పొగ, శొంఠి కాఫీ వాసన, పెద్దనాయన ముక్కుపొడి ఘాటు, ఇవి మూడూ కలిస్తే మా ఇంటి ఉదయం. ఆ ఉదయాల్లోకి రేడియో వచ్చింది అత్తతోనే.

అత్త మొగుడు సూలూరు దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టరు. రేడియోలు విప్పి మళ్లీ బిగించడం ఆయనకు పిచ్చి. ఎక్కడెక్కడి సామానో తెచ్చి అత్త కోసం తన చేత్తో ఒక రేడియో తయారు చేశాడు. టేకు చెక్కపెట్టె, ముందు రెండు నాబులు, గొంతు వచ్చేచోట అడ్డంగా అత్త పసుప్పచ్చ చీరలోంచి కత్తిరించిన గుడ్డ. పెళ్లయిన మూడేళ్లకు ఆయన కామెర్లు వచ్చి పోయాడు. అత్తకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా లేవు. కర్మలు ముగిశాక పుట్టింటికి తిరిగి వచ్చింది. బండిలో ఒక ట్రంకుపెట్టె, ఒళ్లో దుప్పటి చుట్టిన రేడియో. బండి దిగేటప్పుడు ట్రంకుపెట్టె ఎవరికో ఇచ్చింది గాని రేడియో మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. ఆమె వెనకే నడిచి, ఆ పసుప్పచ్చ గుడ్డను వేలితో ముట్టుకుని చూశాను.

పెద్దనాయన ఆ దుప్పటి విప్పి, రేడియోను ముందరి హాల్లో తన పడకకుర్చీ పక్కన స్టూలు మీద పెట్టించాడు. తాత లేడు కనుక ఇంటికి ఆయనే పెద్ద. మా నాయన ఆయన ముందు కూర్చునేవాడు కూడా కాదు.

"అన్నా, అది లోపల గదిలో పెట్టుకుంటాను," అంది అత్త.

"నీకేంటికి? మొగుడు పోయి మాసం కాలేదు, సావు ఇంట్లో పాట్టా? ఏడాది పోనీ. అప్పుడు విందువు," అన్నాడు.

అది న్యాయంగానే వినిపించింది అందరికీ. సావు జరిగిన ఇంట్లో ఏడాది పాటు పండగ లేదు, పాట లేదు. అత్త తల ఊపి లోపలికి పోయింది. కానీ ఆ నియమం రేడియోకు పట్టలేదు, అత్త చెవులకు మాత్రమే పట్టింది. ఆయన ఆ సాయంత్రం నుంచే హాయిగా వినడం మొదలుపెట్టాడు.

ఏమేమి పాడేది ఆ పెట్టె! తెల్లవారితే నాదస్వరం, దాని వెనకే దేవుడి పాటలు. బడికి పోయే వేళకు వయొలిన్లు గుంపుగా మోగే సినిమా పాటలు. మధ్యాహ్నం ఉత్తరాలు రాసి అడిగినవాళ్ల పాటలు. ఆ పాట కంటే ముందు ఊళ్ల పేర్లు, ఇంటిల్లిపాది పేర్లు చదివేవాళ్లు. సాయంత్రం పల్లెవాళ్ల కార్యక్రమం, అందులో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడే కుమ్మి పాటలు. ఆ తర్వాత కచేరి. ఆదివారం మధ్యాహ్నం సముద్రం అవతల నుంచి, గాలి గురగురల నడుమ, కొంచెంసేపు తెలుగు పాటలు. ఆ తెలుగులో సగం మాటలు మాకు తెలిసేవి కావు. మాకు తెలిసిన మాట ఒక్కటి దొరికితే పెద్దమ్మ వంటింట్లోంచి "అదో, మన మాట!" అని అరిచేది.

పెద్దనాయన వీటన్నిటినీ కళ్లు మూసుకుని వినేవాడు. అత్త చేట పట్టుకుని హాలు దాటబోతే చాలు, టక్కుమని కట్టేసేవాడు. ఆమె దాటిపోయేదాకా ఆగి మళ్లీ పెట్టేవాడు. నేను లెక్క కట్టలేనన్నిసార్లు చూశాను ఆ టక్కును. బయటికి పోయేటప్పుడు రేడియో మోగించే నాబును ఊడబెరికి చొక్కా జేబులో వేసుకునేవాడు. ముక్కుపొడి డబ్బా, నాబు, రెండూ ఒకే జేబులో. సాయంత్రం ఆయన వచ్చి నాబు తగిలిస్తే రేడియోకు కూడా ముక్కుపొడి వాసన వచ్చేది.

ఏడాది గడిచింది. అత్త తలంటుకుని వచ్చి నిలబడింది.

"అన్నా, ఏడాది అయ్యె."

"మీ వదిన తల్లి పోయి రెండు నెలలు కాలేదు గదా? ఏడాది పోనీ."

తల్లి పోయినా పెద్దమ్మే దీపావళికి కొత్తచీర కట్టింది. అత్త ఇంకో ఏడాది ఓపిక పట్టింది. మళ్లీ వచ్చి నిలబడింది.

"ఈ ఏడు వానలు లేవు. పత్తి ఎండిపోతా ఉండాది. ఇప్పుడు పాట్టు ఒకటే తక్కువయ్యెనా? ఏడాది పోనీ."

వానకూ పాటకూ ఏం సంబంధమో ఆయన ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ రోజు నాకు పదేళ్లు. ఆయన కుర్చీ వెనక నిలబడి ఆయన బట్టతలను చూస్తూ, దీనికి నేను నీకు చేస్తాను చూడు, అని మనసులో అనుకున్నాను. ఏం చేస్తానో అప్పటికి తెలియదు.

నాబు లేకపోయినా దాని లోపల సన్నటి ఇనప కడ్డీ బయటికి పొడుచుకుని ఉండేది. దాన్ని నేనే ముందు చూశాను. వేళ్లతో తిప్పితే తిరగలేదు. సంగతి అత్తకు చెప్పాను. అత్త పోయి, ట్రంకుపెట్టె అడుగునుంచి మామ కటింగ్ ప్లయరు తీసుకొచ్చింది. అది ఆయన చేతి నూనెతో ఇంకా నల్లగా ఉంది. దాంతో కడ్డీని పట్టి మెల్లగా తిప్పింది. లోపల గాజు వాల్వులు ఎర్రబడటానికి ఒక నిమిషం పట్టేది. ఆ నిమిషమంతా అత్త చీర కుచ్చెళ్లు పట్టుకుని నేను ఊపిరి బిగబట్టేదాన్ని. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చేది మొదట, ఆ తర్వాత పాట.

పెద్దనాయన తొమ్మిదింటికి మోటారుసైకిలు ఎక్కి సూలూరు వైపు చేనికి పోతే సాయంత్రం గాని రాడు. పెద్దమ్మ మధ్యాహ్నం గురక పెట్టేది. సెలవు రోజుల్లో ఆ రెండు గంటలూ మావే. తడిగుడ్డ పిండి రేడియో మీద పరిచేవాళ్లం, వేడి తెలియకుండా.

అత్తకు వినడం చాలేది కాదు. పాట మాటలు కావాలి. ఒక పాట మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు, వస్తే మూడు నిమిషాలు. అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది.

"కన్ను, మొదటి గీత నాది. రెండోది నీది. మూడోది నాది. నీ గీత వస్తే అదే పట్టుకో, నా గీత మీద మనసు పెట్టొద్దు. సరేనా?"

అలా పాట పాదాలను గీతలనుకుని, చెరొక గీతా పట్టుకునేవాళ్లం. పాట అయిపోగానే ఆమె తన గీతలు చెప్పుకుంటూ రాసేది, మధ్యమధ్య నా గీతలు నేను అందించేదాన్ని. దొరకని చోట ఖాళీ వదిలేది. ఆ ఖాళీ నిండడానికి ఒక్కోసారి రెండు మూడు నెలలు పట్టేది. తమిళ పాటలు, తెలుగు పాటలు, ఒక్క ముక్క కూడా అర్థం కాని హిందీ పాటలు, అన్నిటినీ తమిళ అక్షరాల్లోనే రాసేది. అన్నిటికంటే ముందు పేజీలో ఒక తెలుగు పాట. పడవ నడిపేవాడు ఇంటి దగ్గరున్న పెళ్లాన్ని తలుచుకుని పాడే పాట. మామ ఆ రేడియో బిగించి మొదటిసారి మోగించిన రోజున అందులోంచి వచ్చింది ఆ పాటేనట. అది రాసేటప్పుడు మాత్రం నా గీతలు కూడా ఆమే పట్టుకునేది. నేను ఊరుకునేదాన్ని.

దొరికిపోయింది ఒక వాన రోజున. చేనులో పని ఆగిపోయి పెద్దనాయన పన్నెండింటికే తిరిగి వచ్చాడు. మోటారుసైకిలు శబ్దం వినపడగానే కట్టేసి, తడిగుడ్డ తీసేశాం గాని, నేల మీద నోటుబుక్కు మాత్రం మరిచిపోయాం. ఆయన చొక్కా విడుస్తూ రేడియో మీద అరచెయ్యి పెట్టాడు.

"ఇదేంటికి కాలతా ఉండాది?"

"ఎండకు," అన్నాను నేను. బయట వాన దంచుతోంది.

ఆయన నన్ను ఒక్కటి వేశాడు. దాని గురించి నాకేం బాధ లేదు, అది నాకు రావలసిందే. తర్వాత నోటుబుక్కు ఎత్తి, ఒక పేజీ తిప్పి, మార్కెట్లో పత్తి ధరలు చదివే గొంతుతో ఒక పాట చదివాడు. అది మొగుడి కోసం ఎదురుచూసే పెళ్లాం పాట. పెద్దమ్మ లేచి వచ్చి వింది, మా నాయన గుమ్మంలో నిలబడి విన్నాడు. అత్త గోడ వైపు తిరిగింది. చదవడం అయిపోయాక పెద్దనాయన పెరటి వసారాలోకి నడిచాడు. అక్కడ వేన్నీళ్ల అండా కింద పత్తికట్టె మండుతోంది. నోటుబుక్కును రెండుగా చింపి పొయ్యిలో పెట్టాడు, కట్టెతో లోపలికి నెట్టాడు.

"తుండు తీసుకోని రా," అన్నాడు అత్తతో.

ఆ నీళ్లతోనే స్నానం చేశాడు. అత్త తువ్వాలు పట్టుకుని బయట నిలబడింది. స్నానం చేస్తూ ఆయన ఏదో కూనిరాగం తీశాడు. అది ఆ పొద్దున రేడియోలో వచ్చిన పాట. నాకు ఇప్పటికీ ఆ వేడినీళ్ల ఆవిరి, ఆ కూనిరాగం తలుచుకుంటే కడుపు మండుతుంది. వయసు వస్తే కోపం తగ్గుతుందంటారు. నాకు తగ్గలేదు.

ఆ నెలలోనే ఆయన పంట పండింది. రేడియో స్టేషనువాళ్లు టేపు మిషను వేసుకుని మా చేనికి వచ్చారు. పత్తికి పట్టే పురుగు గురించి ఆయన చేత పది నిమిషాలు మాట్లాడించి తీసుకుపోయారు. ఫలానా రోజు సాయంత్రం పల్లెవాళ్ల కార్యక్రమంలో వేస్తామని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరాన్ని పెద్దనాయన జేబులో నాబు పక్కనే పెట్టుకుని వీధి వీధంతా తిరిగాడు. "నా గొంతు రేడియోలో ఎట్ల ఉంటాదో!" అని అద్దం ముందు కూడా అన్నాడు. తన గొంతు తాను వినాలని అంత ఆశపడిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అప్పటికి నాకు ఒక సంగతి తెలుసు. తిరుచ్చి రోడ్డులో రేడియోలు రిపేరు చేసే అన్న ఒకడు ఉండేవాడు, మామ దగ్గర పని నేర్చుకున్నవాడు. ఒకసారి మా రేడియో మొరాయిస్తే వచ్చి వెనక అట్ట విప్పాడు. పక్కన కూర్చుని చూస్తున్న నాకు ఒక్కొక్క గాజు వాల్వూ చూపించి, "ఇది తీస్తే లైటు వెలుగుతాది, గొంతు రాదు పాపా," అని చెప్పాడు. చెప్పింది సుమ్మా ఊరికే, పిల్ల అడిగిందని. నేను ఆ వాల్వును గుర్తు పెట్టుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం పెద్దనాయన క్షవరానికి పోయాడు. నేను అట్టకున్న రెండు మరలూ విప్పి, ఆ వాల్వు పీకి, మళ్లీ బిగించేశాను. వాల్వును పాతగుడ్డలో చుట్టి వంటింట్లో పొరి డబ్బాలో, బొరుగుల అడుగున పెట్టాను. సాయంత్రం వచ్చేవాళ్లకు కారం పొరి కలపాలని పెద్దమ్మ చెప్పిందని నాకు గుర్తే లేదు. గుర్తొచ్చి వంటింట్లోకి పరిగెత్తేసరికి అత్త పొరి కలుపుతోంది. ఉల్లిపాయ, పచ్చిమిరప, కొబ్బరినూనె వాసన. డబ్బా మూత పెట్టి ఉంది.

"డబ్బా నేనే తీస్తానులే, నువ్వు ముట్టొద్దు," అంది, నా వైపు చూడకుండా.

సాయంత్రానికి హాలు నిండింది. వీధి పెద్దలంతా చాపల మీద, ఆడవాళ్లు గుమ్మం లోపల. ఉద్దివడలు, పొరి, కాఫీ. పెద్దనాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భుజాన జరీ తుండు వేసుకుని, జేబులోంచి నాబు తీసి అందరికీ కనపడేలా పట్టుకుని తగిలించాడు. తిప్పాడు. లైటు వెలిగింది. అందరూ గొంతులు తగ్గించారు.

ఒక నిమిషం. రెండు నిమిషాలు.

"వేడెక్కాల," అన్నాడు.

ఇంకో నిమిషం. నాబును ఆ చివరికి, ఈ చివరికి తిప్పాడు. పెట్టెను పక్కనుంచి రెండు దెబ్బలు కొట్టాడు. ఎవరో ఏరియలు అన్నారు. మా నాయన మిద్దె ఎక్కి తీగ ఊపుతూ "ఇప్పుడు వస్తా ఉండాదా? ఇప్పుడు?" అని అరిచాడు. నేను వడ తింటూ కూర్చున్నాను. అంత రుచైన వడ నేను ఇంతవరకు తినలేదు.

అప్పుడు గాలివాటుకు, వీధి చివర టీకొట్టు రేడియోలోంచి, పెద్దనాయన గొంతు సన్నగా వినపడింది. పురుగు, మందు, ఆకు అడుగున గుడ్లు. చాపల మీద ఉన్నవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఒకాయన లేచాడు, ఆ వెనకే అందరూ లేచారు, వడలు చేతుల్లో పట్టుకునే టీకొట్టుకు పరుగు. పెద్దనాయన లేవలేదు. మిల్లు పనివాళ్లు నిలబడి టీ తాగే చోటికి ఇస్త్రీ చొక్కాతో పోవడం ఆయనకు కుదరదు. రేడియోను ఇంకా తిప్పుతూనే ఉన్నాడు. చివరికి ఉండలేక చెప్పులు కూడా వేసుకోకుండా బయటపడ్డాడు. నేను వెనకే పరిగెత్తాను, ఎందుకు మానుతాను? ఆయన టీకొట్టు చేరేసరికి అందులోంచి ఆడవాళ్ల కుమ్మి పాట వస్తోంది.

"అణ్ణా, బాగా మాట్లాడినారు! మీ గొంతు ఏం గంభీరం!" అన్నారందరూ.

వీధిలో ప్రతివాడూ ఆయన గొంతు విన్నాడు. ఆయన ఒక్కడే వినలేదు. మళ్లీ వేయమని ఉత్తరం రాశాడు, జవాబు రాలేదు. ఇంకెప్పుడూ వినలేదు.

నేను ఇంటికి వచ్చి వంటింట్లోకి పోయాను. అత్త గోడకు ఆనుకుని కింద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వుతోంది. ఆ ఇంటికి తిరిగి వచ్చాక ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. నన్ను దగ్గరికి లాక్కుని నా తల తన ఒళ్లో అదిమి పెట్టుకుంది.

"దొంగముండా, మధ్యాన్నమే చూస్తిని. పొరిలో చెయ్యి పెడితే గాజు తగిలె."

మరునాడు రిపేరు అన్న వచ్చాడు. అట్ట విప్పి, ఖాళీగా ఉన్న గూడు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా వెనక నిలబడ్డ అత్తను చూశాడు.

"వాల్వు కాలిపోయె అన్నా. ఇది ఇప్పుడు మదరాసులో వెతికినా కిడైక్కాదు," అన్నాడు పెద్దనాయనతో.

దొరకదని అంటే పెద్దనాయన మొహం ఎలా మాడిందో చూసి నేను సంబరపడ్డాను. ఆ సంబరం అరనిమిషం కూడా నిలవలేదు.

"తీసుకోని పో. నువ్వే పెట్టుకో. ఈ పీడ ఇంగ నా కంట పడకూడదు," అన్నాడాయన.

అత్త ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. ఆ రేడియో ఆమెది. ఎవరిని అడిగి ఇచ్చేస్తున్నావని ఎవరూ అనలేదు, అత్త కూడా అనలేదు. రిపేరు అన్న దాన్ని సైకిలు క్యారేజి మీద కట్టుకుని పోయాడు. పసుప్పచ్చ గుడ్డ వీధి మలుపు దాకా కనపడింది. నా పగ తీరిన రోజే అత్త రేడియో పోయింది. పోయి నిజం చెప్పేస్తానని ఆ సాయంత్రం నేను ఏడ్చాను.

"వేణాం, వద్దు. నువ్వు చెప్తే వాల్వు ఇవ్వాల. వాల్వు ఇస్తే ఆయన వింటాడు. ఆయన వినకూడదు," అంది అత్త.

అంత మెత్తటి మనిషి నోట ఆ మాట విని నాకు ఏడుపు ఆగిపోయింది. అప్పటి నుంచి మేమిద్దరం ఒక్కటే.

బడి పుస్తకాల్లో మిగిలిన కాగితాలు కుట్టి నేను ఒక కొత్త నోటుబుక్కు చేశాను. అత్త ఉలవలు ఏరుతూ తన గీత పాడేది, నేను నా గీత పాడేదాన్ని. ఆయన కాల్చింది కాగితమే. గీతలు సగం ఆమె తలలో, సగం నా తలలో ఉన్నాయి. ఒక్క వేసవి సెలవుల్లో అన్నీ మళ్లీ రాశాం. పడవ పాట మాత్రం ఆమె ఒక్కతే చెప్పింది.

తర్వాత నా చదువు, ఉద్యోగం. మొదటి జీతానికి అత్తకు ఒక చిన్న ట్రాన్సిస్టరు కొనిచ్చాను. అప్పటికి పెద్దనాయన ఏమీ అనే స్థితిలో లేడు, ఇంట్లో టేపురికార్డరు కూడా వచ్చింది, కొడుకులు డప్పుల పాటలు హోరెత్తిస్తున్నారు. అయినా అత్త ట్రాన్సిస్టరును దిండు కింద పెట్టుకుని, చెవి ఆనిస్తే తప్ప వినపడనంత సన్నగా పెట్టుకునేది. "పెద్దగా పెట్టుకో అత్తా, ఎవరేమంటారు?" అంటే, పెట్టేది. నేను అటు తిరగగానే మళ్లీ తగ్గించేది. ఆమె చెవికి పాట అంటే అంత సన్నగానే ఉండాలని అలవాటైపోయింది. దీనికి ఆయన్ను ఎలా క్షమించాలో చెప్పేవాళ్లు వచ్చి చెప్పండి.

అలాగే సన్నగా ఆమె అన్నీ వింది. మిషను తాళాల కొత్త పాటలు, ఊపిరి తిరగనివ్వని పాటలు, పల్లె దరువులు, అన్నీ. "ఇదేంది కన్ను, గుర్రం పరిగెత్తినట్టు ఉండాది," అని నవ్వుతూనే రాసుకునేది. నేను సెలవుకు వస్తే చెరొక గీతా పట్టుకునేవాళ్లం. రోజంతా కబుర్లు చెప్పే కొత్త స్టేషన్లు రాకముందే ఆమె పోయింది. ఇప్పటికీ ఏ పాట విన్నా నా నోటికి రెండో గీతే వస్తుంది. మొదటి గీత దగ్గర ఊరికే ఆగుతాను.

పోయిన ఆదివారం ఫంక్షను. పాత ఇల్లు పడగొట్టి కట్టిన మేడ. హాలు ఉన్నచోటే హాలు. పెద్దనాయన చక్రాల కుర్చీలో, మెడలో చామంతి దండతో, కొత్త పంచెలో. మనుమలు, మునిమనుమలు. మా నాయన, పెద్దమ్మ లేరు. కుర్చీ పక్కన స్టూలు మీద చిన్న స్పీకరు పెట్టారు. నా ఫోను దానికి కలిపాను. నోటుబుక్కు వరసలోనే ఎక్కించాను, అత్త రాసుకున్న వరస. నా లెక్క ఒక్కటే: ఆయన గుర్తుపట్టాలి. తాను పొయ్యిలో పెట్టిన పేజీలు ఒక్కొక్కటీ తన పుట్టినరోజున లేచి వస్తుంటే, నలుగురిలో తల వంచుకోవాలి. అప్పుడు నేను అందరికీ చెప్పాలి. ఏ మాటలతో చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

మొదట పడవ పాట వచ్చింది. తర్వాత భక్తి పాట, వయొలిన్ల పాట, మొగుడి కోసం చూసే పెళ్లాం పాట, హిందీ పాట, గుర్రం పాట. ఆయన కుర్చీ చేతి మీద వేలితో తాళం వేస్తూ కూర్చున్నాడు. తల వంచుకోలేదు. కళ్లు మూసుకున్నాడు, ఆ కాలంలో మూసుకున్నట్టే. వడ కొంచెం తుంచి నోట్లో పెడితే నమిలాడు. నేను ఒక్కొక్క పాటకూ ఆయన మొహమే చూశాను. ఏమీ లేదు. భోజనాల వేళకు పాటలు అయిపోయాయి.

"బాగుండె కన్ను," అన్నాడు నా చెయ్యి పట్టుకుని. "ఎవరు ఏరినారు ఈ పాట్టులు?"

"అత్త ఏరింది. మీ చెల్లెలు."

"అదా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. పళ్లు లేని నోటితో నవ్వాడు. "దానికి పాట్టంటే అంత ఇష్టమా? పావం. ఒకనాడు కూడా నన్ను అడగలేదే!"

నేను సిద్ధం చేసుకున్న మాటలు ఇంక ఎవరికి చెప్పాలి? చుట్టూ అందరూ నవ్వుతున్నారు, తాత ముద్దుగా మాట్లాడాడని. ఆయన కళ్లల్లో అబద్ధం లేదు. ఆయనకు నిజంగానే గుర్తు లేదు. మాకు ముప్పై ఏళ్లు పట్టినది ఆయనకు ఒక టక్కు చప్పుడు కూడా కాదు. ఫోనును స్పీకరు నుంచి విడదీశాను.

ఆయన నా చెయ్యి వదలలేదు.

"కన్ను, మొదట పెడితివే, ఆ పడవ పాట్టు. అది ఇంకోసారి పెట్టు. ఒక్కసారి."

తొంభై ఏళ్ల మనిషి. గొంతులో నిజమైన ఆశ. అద్దం ముందు తన గొంతు కోసం ఆశపడ్డప్పటి ఆశే. మనవడు "పెట్టు అత్తా," అన్నాడు. నేను ఫోను కట్టేసి చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగాను. వంగి, ఆయన చెవి దగ్గర, అందరికీ వినపడేలా చెప్పాను.

"ఏడాది పోనీ, పెద్దనాయనా. అప్పుడు విందువు."